పక్క పడవ

‘మనకింత సముద్రం ఉండగా స్పెయిన్ దాకా వెళ్ళి సాధన చేయడం ఎందుకు?’ 2021 ఏప్రిల్‌లో నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌కి అర్హత సాధించినప్పుడు నాకు తెలిసినవాళ్ళు చాలామంది అడిగిన ప్రశ్న ఇది. సందేహం న్యాయమైనదే. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కి అర్హత పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. ఊరు చెన్నై, ఎదురుగా బంగాళాఖాతం. అలాంటి అమ్మాయి నెలల తరబడి ఇల్లు విడిచి, ఆఫ్రికా తీరానికి దగ్గరగా అట్లాంటిక్‌లో ఉన్న స్పెయిన్ దీవి గ్రాన్ కనారియాలో, తమాస్ ఎసెస్ అనే హంగేరీ కోచ్ దగ్గర సాధన చేసింది.

గాలి కోసం వెళ్ళిందనుకుంటారు. కొంతవరకు నిజమే. ఆ దీవుల మీద ఈశాన్య వ్యాపార పవనాలు ఏడాదిలో చాలా భాగం వీస్తాయి. యూరప్ వణికే నెలల్లో కూడా అక్కడ హాయిగా నీళ్ళలోకి దిగొచ్చు. అందుకే చలికాలం వచ్చేసరికి దేశదేశాల సెయిలర్లు అక్కడికి చేరతారు. నాకు అసలు కారణం ఇదే అనిపిస్తుంది. గాలి మనకీ ఉంది, సముద్రమూ ఉంది. ఆ స్థాయి తోటి పడవలు లేవు.

నేత్ర నడిపే లేజర్ రేడియల్‌ని ఇప్పుడు ఐఎల్‌సీఏ 6 అంటున్నారు. పొడవు 14 అడుగుల లోపే. తెరచాప ఒకటే, మనిషీ ఒక్కరే. ఒలింపిక్స్‌లో ఈ పడవల్ని నిర్వాహకులే ఇస్తారు, అన్నీ ఒకే అచ్చు. డబ్బున్న దేశం మేలైన పడవ కట్టించుకుని గెలిచే వీలు లేదు. తేడా అంతా నడిపే మనిషిలోనే. తెరచాప తాడు ఓ అంగుళం లాగాలా, వదలాలా? ఎదురొచ్చే అలని ఎటు నుంచి ఎక్కాలి? గాలి పెరిగినప్పుడు పట్టీ కింద పాదాలు దూర్చి, ఒంటిని నీళ్ళ మీదికి ఎంతసేపు వాల్చి ఉంచగలం? ఈ వాలడాన్ని హైకింగ్ అంటారు. తొడలు మండిపోతున్నా తల పైకెత్తి ముందున్న నీటిని చదవాలి. నల్లగా ముడతలు పడ్డచోట గాలి ఉంది, నున్నగా మెరిసేచోట లేదు.

ఇదంతా ఒంటరిగానూ నేర్చుకోవచ్చు. సరిగ్గా వచ్చిందో లేదో మాత్రం ఒంటరిగా తెలియదు. పడవ వేగం పుంజుకుంటే అది మన చేతి చలవో, అప్పుడే వీచిన గాలి చలవో ఎలా చెప్పడం? అందుకే రెండు పడవల్ని పక్కపక్కన, ఒకే గాలిలో, ఒకే దిక్కుకి పోనిస్తారు. ఒకరు ఏదీ మార్చరు. రెండోవారు ఒక్కదాన్నే మారుస్తారు, తాడు బిగువో, కూర్చునే చోటో. కాసేపటికి ఎవరు ముందుకి జరిగారో కళ్ళకే కనిపిస్తుంది. మళ్ళీ మొదలుపెడతారు. రోజుల తరబడి ఇదే పని. తంబూరా లేకుండా పాడేవాళ్ళకి శ్రుతి ఎక్కడ జారిందో తెలియనట్టే, పక్క పడవ లేని సెయిలర్‌కి తన వేగం ఎంతో తెలియదు. ఆ పడవలో మనకన్నా మెరుగైనవాళ్ళుంటే అంతకన్నా అదృష్టం లేదు.

ఇక స్టార్ట్. నన్నడిగితే ఈ ఆటలో అన్నిటికన్నా కఠినమైన ఘట్టం ఇదే. 5 నిమిషాల ముందు జెండా లేస్తుంది. నీటి మీద గీత కనిపించదు, ఊహించుకోవాలి. నలభైకి పైగా పడవలు అక్కడే కాచుకుని ఉంటాయి, ఏ పడవకీ బ్రేకు లేదు. ముందే గీత దాటితే శిక్ష. వెనకబడితే ముందున్న తెరచాపలు చెదరగొట్టిన గాలే గతి. అందులో ఎంతటి పనిమంతుల పడవైనా నీరసపడుతుంది. పోటీ మొదలయ్యాక కోచ్ సలహా కూడా అందదు. ఈ ఒత్తిడిలో తన చోటు తాను కాపాడుకోవడం నలుగురైదుగురి మధ్య సాధన చేస్తే వచ్చే విద్య కాదు. మన తీరం ఎన్ని కిలోమీటర్లు ఉన్నా ఆ కొరత తీరదు.

2020 జనవరిలో మయామీ ప్రపంచకప్‌లో నేత్ర కాంస్యం గెలిచింది. సెయిలింగ్ ప్రపంచకప్‌లో భారతీయ మహిళకి అదే తొలి పతకం. తర్వాత ఒమన్‌లోని ముస్సనాలో ఒలింపిక్ బెర్తు. టోక్యోలో 44 మందిలో 35వ స్థానం. 2024లో పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ మార్సెయ్‌లో జరిగింది. మొదటి రేసులోనే ఆమె ఆరో స్థానంలో నిలిచింది, మొత్తం మీద 21వ స్థానం. పతకం రాలేదు కాబట్టి పత్రికల్లో చిన్న వార్తే అయింది. నాకది పెద్ద వార్త. మాల్టాలో సాధన చేసి టోక్యోకి వెళ్ళిన మన మరో సెయిలర్ విష్ణు శరవణన్ కూడా పారిస్‌లో 18వ స్థానం దాకా వచ్చాడు. ముందున్నవాళ్ళలో చాలామంది చిన్నప్పటి నుంచీ గట్టి పడవల మధ్య పెరిగినవాళ్ళు. మనవాళ్ళకి ఆ సావాసం ఆలస్యంగా దొరికింది.

వానాకాలంలో హుస్సేన్ సాగర్ మీద పోటీలు జరిగేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఆగి చూస్తాను. ఆప్టిమిస్ట్ పడవల్లో పదేళ్ళ పిల్లలు, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ చేరదీసిన పేదింటి పిల్లలు కూడా, గాలి మలుపుల్ని పసిగడుతుంటే ముచ్చటేస్తుంది. చుట్టూ భవనాలు కాబట్టి అక్కడ గాలి ఒక చోట నిలవదు. దాన్ని చదవడం వచ్చినవాళ్ళకి ఏ నీళ్ళయినా కొంత అర్థమవుతాయి. భోపాల్ చెరువులో నేర్చుకున్న నేహా ఠాకూర్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. సముద్రం లేని ఊళ్ళో మొదలుపెట్టడం అడ్డంకి కాదు.

అసలు అడ్డంకి ఆ తర్వాత వస్తుంది. ఆప్టిమిస్ట్ 15 ఏళ్ళ వరకే. అక్కడి నుంచి పెద్ద పడవ కావాలి, సముద్రం కావాలి, పక్కన వేగమైన పడవ కావాలి. ఒలింపిక్స్ దాకా వచ్చినవాళ్ళకి సాయంగా కేంద్రం టాప్స్ పథకం ఉంది. నా బెంగంతా అంతకు ముందు మజిలీ గురించే. బస్తీ నుంచి వచ్చిన పదిహేనేళ్ళ అమ్మాయికి ఒక చలికాలమంతా పరదేశంలో పడవ అద్దె, కోచ్ జీతం, బస, తిండి ఆ ఇంటివాళ్ళు భరించగలిగేవి కావు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ పతకం తెచ్చినవాళ్ళకి ప్రోత్సాహకాలు ప్రకటిస్తున్నాయి. అందులో కొంత భాగం ఈ వయసు పిల్లలకి, ఏ పతకమూ రాకముందే, కేటాయించాలని క్రీడా శాఖల్ని అడుగుతున్నాను.