పేరు రాసే ముందు

డిగ్రీ బోటనీ ప్రాక్టికల్స్‌లో స్పాటర్ల గంట కొడితే చాలు, నా చెయ్యి బుర్రకంటే ముందు పరిగెత్తేది. ఒకసారి సూదాకుల ఎండుకొమ్మ కనబడగానే 'పైనస్' అని రాసేశాను. పరీక్షయ్యాక మాస్టారు ఆ కొమ్మ నా చేతికిచ్చి, "ఆకు రాలినచోట బొటనవేలితో రాయరా" అన్నారు. ఆకురాయిలా గరగరలాడింది. ఆకు రాలిపోయినా అది కూర్చున్న పీట కొమ్మమీదే ఉండిపోయింది. పైన్ ఆకుల్లా జట్టుకట్టకుండా సూదులన్నీ దేనికదే ఉన్నాయి. ఒకదాన్ని వేళ్లమధ్య దొర్లిస్తే అంచులు తగిలాయి. అది స్ప్రూస్!

కొమ్మ చేతిలో ఉండగానే ఇంత తడబాటైతే, వేల ఏళ్లు మట్టిలో పడున్న ముక్కల మాటేమిటి? శిలాజాల్లో సాధారణంగా ఆకు ఒకచోట, కాయ ఒకచోట దొరుకుతాయి. రెండు గాలితిత్తుల పుప్పొడి 'నేను స్ప్రూస్‌ని' అంటుంది గానీ, ఏ స్ప్రూసో చెప్పడానికి నసుగుతుంది. కలపను చూసి లార్చ్ అని పొరబడే ప్రమాదముంది. కాయ పొలుసుల తీరు, సూదాకు అడ్డకోత చూస్తే గానీ జాతి తేలదు.

అమెరికాలో లూసియానాలోని ట్యూనికా హిల్స్‌లో దొరికిన మంచుయుగపు స్ప్రూస్‌ను 1938లో క్లెయిర్ బ్రౌన్ వైట్ స్ప్రూస్‌గా గుర్తించారు. ఆ చెట్టు ఇప్పటికీ కెనడా అడవుల్లో బోలెడంత ఉంది. చలికి దక్షిణానికి దిగి, వేడెక్కాక ఉత్తరానికి వెళ్లిపోయిందన్న కథ చక్కగా అతికింది. 1999లో స్టీఫెన్ జాక్సన్, చెంగ్యూ వెంగ్ ఆ కాయల్నీ ఆకుల్నీ మళ్లీ పరీక్షించారు. కాయలు వైట్ స్ప్రూస్ కాయలకంటే పెద్దవి. ఆకు లోపలి అమరికా వేరు. బతికున్న ఏ స్ప్రూస్‌తోనూ సరిపోలేదు. కోనిఫర్ల పరిశోధకుడు విలియం క్రిచ్‌ఫీల్డ్ పేరుమీద దానికి పైసియా క్రిచ్‌ఫీల్డై అని పేరు పెట్టారు.

అంటే ఆ చెట్టు ఎక్కడికీ వలసపోలేదు. మంచుయుగం ముగిసే రోజుల్లో అంతరించిపోయింది. పోయినవాణ్ణి బతికున్నవాడి పేరుతో పిలుస్తుంటే చావుకబురు ఎవరికి అందుతుంది? ఎండలు ముదిరితే చెట్లే చోటు మార్చుకుంటాయిలే అన్న ధీమాకు ఈ కబురొక గట్టి దెబ్బ.

బ్రౌన్‌ని తప్పుపట్టను. తెలిసినవాటిలో దగ్గరి పోలిక చూసి పేరు పెట్టారు. నేను కొమ్మనైనా ముట్టుకోకుండా రాశాను. మాస్టారు ఆ స్పాటర్‌కి సున్నాయే వేశారు. ఇప్పటికీ దేనికైనా పేరు పెట్టబోతుంటే, బొటనవేలికి ఆ గరుకు గుర్తొస్తుంది.