రేవు పెరిగిన ఊరు, రేవు తరిగిన ఊరు

ఇంటిముందే సముద్రం ఉన్నా, నాలుగు రోజులు సెలవు దొరికితే విశాఖ జనం మరో సముద్రపు ఊరు వెతుక్కుంటారు. అలా వెళ్లేవాళ్లలో చాలామందికి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గరి చోటు. రైలెక్కితే విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటి సుమారు 275 కిలోమీటర్లకు బరంపురం వస్తుంది. అక్కడి నుంచి మరో పదిహేను కిలోమీటర్లు పోతే గోపాల్‌పూర్. తిరిగొచ్చినవాళ్ల మాట తరచుగా ఒకటే: అక్కడ ఎంత ప్రశాంతమో, ఇక్కడ ఎంత రద్దీయో! విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కనుంచి పోతూ ముక్కు మూసుకున్నవాళ్లు ఈ మాటను మరీ గట్టిగా చెబుతారు. ఈ తీర్పు తొందరపాటుది. గోపాల్‌పూర్ ఒడ్డును విశాఖ ఆర్కే బీచ్‌తో పోల్చి లాభం లేదు, ఫిషింగ్ హార్బర్‌తో పోల్చాలి. రెండు చోట్లా సముద్రాన్ని నమ్ముకున్నది తెలుగు మత్స్యకారులే కనుక అసలు కథ అప్పుడే బయటపడుతుంది.

ఈ రెండు ఊళ్ల మధ్య సరిహద్దు వయసు వందేళ్లు కూడా లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడే దాకా గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు రాజధానిలోని ఇరుగుపొరుగు జిల్లాలు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలో. గోపాల్‌పూర్‌లోనూ, ఇంకా పైన పూరీలోనూ ఒడియావాళ్లు నోళియాలని పిలిచే మత్స్యకారులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాడబలిజ, జాలరి కుటుంబాలు ఈ తీరం పొడవునా ఉన్నాయి. కాబట్టి విశాఖ నుంచి గోపాల్‌పూర్ వెళ్లడమంటే పరాయి తీరానికి పోవడం కాదు. ఒకే జనం రెండు రకాల రాతలతో ఎలా బతుకుతున్నారో చూడటం.

ఒకప్పుడు రెండింటి రాతా ఒకటే. ఓడ వస్తే ఒడ్డుకు దూరంగా లంగరు వేసేది. సరుకునూ మనుషులనూ కుట్టుపడవల్లో, అంటే మసూలా పడవల్లో, విరిగిపడే అలల మీదుగా దాటించేవారు. ఆ అలల లయ తెలిసినవాళ్లు మత్స్యకారులే కాబట్టి రేవు బతుకంతా వాళ్ల చేతుల మీదే నడిచేది. కళింగాంధ్ర పల్లెల నుంచి రంగూన్ కూలికి పోయేవాళ్లకు విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం లాగే గోపాల్‌పూర్ కూడా ఓడెక్కే చోటు. 1933 అక్టోబర్ 7న సింధియా కంపెనీ ఓడ 'జలదుర్గ' విశాఖ కొత్త పోర్టులోకి వచ్చింది. అక్కడ దారులు చీలాయి. విశాఖకు లోపలి రేవు, ఆపైన నౌకా నిర్మాణ కేంద్రం, ఔటర్ హార్బర్, ఉక్కు కర్మాగారం వచ్చాయి. గోపాల్‌పూర్‌కు 1942లో బర్మా జపాన్ వశం కావడంతో రంగూన్ దారి మూసుకుపోయింది. రేవు పాడుబడింది. మిగిలింది లైట్‌హౌస్, కూలిన జెట్టీ, ఇటలీకి చెందిన మాగ్లియోని 1914లో కట్టిన పామ్ బీచ్ హోటల్. దాన్ని తర్వాత ఒబెరాయ్ కొన్నారు. వర్తకం వెళ్లిపోయిన చోట విహారం వచ్చి కూర్చుంది.

గోపాల్‌పూర్ ప్రశాంతతను మెచ్చుకునేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే. ఆ నిశ్శబ్దం ఒకప్పుడు అక్కడ జరిగిన పని ఆగిపోవడంతో వచ్చింది. విశాఖ హార్బర్‌లో తెల్లవారుజామున వినిపించే గోల జరుగుతున్న పనిది. బోట్లు జెట్టీకి చేరగానే కళాసీలు చేపను పైకి చేరవేస్తారు. కోనాలు, చందువలు, సావళ్లు, కానాగంతలు, రొయ్యలు వేటికవి కుప్పలవుతాయి. వేలంపాట మొదలవుతుంది. గంపలతో వచ్చిన ఆడవాళ్లు పాటదారుతో బేరంలో తగ్గరు. ఐసు కొట్టేవాళ్లు, డీజిల్ పట్టేవాళ్లు, వలలు కుట్టేవాళ్లు, బోట్లు బాగుచేసే వడ్రంగులు, ఎండుచేపల వ్యాపారులు అందరూ ఆ ఒక్క చోటి మీదే ఆధారపడ్డారు. ఆ వాసనను చూసి ఊరిని తక్కువ చేయడమంటే, ఇన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించే పనిని తక్కువ చేయడమే.

అలాగని తూకం విశాఖ వైపే మొగ్గదు. గోపాల్‌పూర్‌కు కూడా గట్టి బలం ఒకటి ఉంది. అక్కడ చిన్న పడవవాడికి ఇసుక మీద ఇంకా చోటుంది. ఫైబర్ బోటును అలల్లోంచి ఒడ్డుకు లాగుతారు, అక్కడే వల ఆరబెడతారు, అక్కడే చేప అమ్ముతారు. సందర్శకుడు కూర్చున్న ఇసుకా, జాలరి పనిచేసే ఇసుకా ఒకటే. పడవ, వల సొంతమైనవాడు తన వేటకు తానే యజమాని. విశాఖలో మరబోటుకు లక్షల పెట్టుబడి కావాలి. అందుకే అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఇంకొకరి బోటు మీద కూలికో వాటాకో పోయే కళాసీలు. హార్బర్ పనిని పెంచింది, కానీ యజమానిని కూలివాడి నుంచి వేరు చేసింది. బీచ్ రోడ్డు అందంగా తయారయ్యేకొద్దీ తెప్పలకు, చిన్న పడవలకు నిలిచే చోటు కుంచించుకుపోయింది.

ప్రమాదాల విషయంలో తేడా మరింత స్పష్టం. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగింది. పక్కపక్కన కట్టేసిన బోట్లు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుని ముప్పైకి పైగా తగలబడ్డాయి. అందరి ఆస్తీ ఒకే చోట పోగైతే ఒక్క రాత్రి ఎంత నష్టమో ఆ రోజు తెలిసింది. గోపాల్‌పూర్‌లో పడవలు ఇసుక మీద దూరదూరంగా ఉంటాయి. కానీ తుఫాను వస్తే వాటికి దాపు లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చింది. అలలకు అడ్డుగోడలున్న రేవులోనూ బోట్లు దెబ్బతిన్నాయి, అడ్డు లేని ఒడ్డునా దెబ్బతిన్నాయి. అంటే పూర్తి రక్షణ రెండు ఏర్పాట్లలోనూ లేదు.

ఆ అడ్డుగోడలకు ఇంకో ఖరీదు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌కు పోస్తూ ఈ నష్టాన్ని పూడుస్తున్నారు. గోపాల్‌పూర్‌లోనూ ఇప్పుడు పెద్ద పోర్టు వచ్చింది. గంజాం తీరంలో పోడంపేట అనే మత్స్యకార పల్లె సముద్రం కోతకు ఖాళీ అయింది. విశాఖ బీచ్‌ను కాపాడటానికి డబ్బుంటుంది. పల్లె ఒడ్డును కాపాడటానికి అంత తొందర ఎవరికీ ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ సరిదిద్దవలసిన అన్యాయం ఇది.

సరిహద్దు అసలు బరువు సముద్రంలో తెలుస్తుంది. రైల్లో పోయేవాడికి ఇచ్ఛాపురం దాటడం కిటికీలోంచి చూసే దృశ్యం. బోటు నడిపే సరంగుకు అది చట్టం మారే చోటు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా వేటపై అధికారం ఆయా రాష్ట్రాలది. ఒడిశాకు 1982 నాటి చట్టం, మనకు 1994 నాటి చట్టం. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల సంఖ్యలో గుడ్లు పెడతాయని 1994లో వెలుగులోకి వచ్చింది. వాటి కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య తీరాల్లో 20 కిలోమీటర్ల లోపు ఒడిశా ట్రాలర్లను ఆపుతుంది. నియమం మంచిదే. కానీ తాబేలు ఆంధ్ర నీళ్లలోంచి కూడా పోతుంది, ఆ నిషేధం మాత్రం ఒడిశా పటం వరకే. చేప కూడా అలాగే గీత చూసి ఆగదు. దాని వెంట పోయిన మన బోట్లను అక్కడివాళ్లు పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. పట్టుకున్నదీ పట్టుబడ్డదీ కొన్నిసార్లు ఒకే భాష మాట్లాడేవాళ్లు కావడం మరీ బాధ కలిగిస్తుంది.

ఒప్పందం అసాధ్యమేమీ కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం తూర్పు తీరమంతటికీ ఒకేలా అమలవుతోంది. చేప గుడ్లు పెట్టే కాలానికి కుదిరిన ఉమ్మడి నియమం, తాబేళ్ల దారికీ, దారి తప్పిన బోట్ల విషయానికీ కుదరాలి.

ఈ పోలికలో ఒక ఊరు గెలిచి మరొకటి ఓడదు. విశాఖ నుంచి గోపాల్‌పూర్ నేర్చుకోవలసినవి చేపకు ఐసు, సరైన పాట, సురక్షితంగా దిగే చోటు. గోపాల్‌పూర్ నుంచి విశాఖ నేర్చుకోవలసింది చిన్న పడవకు ఒడ్డు మీద హక్కు మిగల్చడం. సముద్రపు ఊరిని అంచనా వేయాల్సింది ఇసుక ఎంత శుభ్రంగా ఉందన్న దాంతోనే కాదు. ఆ ఇసుక మీద పుట్టి పెరిగినవాడికి అక్కడ పని ఉందా, చోటు ఉందా, తుఫాను రాత్రి తలదాచుకునే దారి ఉందా అన్న ప్రశ్నలతో కూడా అంచనా వేయాలి. గోపాల్‌పూర్ వెళ్లే తెలుగు ప్రయాణికుడు అక్కడి జాలరితో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి రావాలి. వచ్చాక ఫిషింగ్ హార్బర్‌కు కూడా ఒక ఉదయం వెళ్లాలి. ఒక ఊరిని మెచ్చుకోవాలన్నా తప్పుపట్టాలన్నా అక్కడ పనిచేసేవాళ్ల మాట వినడం కనీస ధర్మం.