నలభై గ్రెయిన్ల నిండుదనం

వించెస్టర్ 1873 రైఫిల్ కోసం పుట్టిన తూటాలో ఖాళీ అనేదే లేదు. ఇత్తడి డొల్ల అడుగున ప్రైమరు, దానిమీద 40 గ్రెయిన్ల నల్లటి తుపాకిమందు, ఆ మందు నెత్తిన 200 గ్రెయిన్ల సీసపు గుండు. .44-40 అన్న పేరులో సగం మందు తూకానిదే. గ్రాముల్లో చూస్తే ఆ నలభై గ్రెయిన్లు రెండున్నరకు కాస్త పైన, అంతే. ఆ కాస్త మందుకు అంత గౌరవం ఎందుకో తూటా కట్టుబడి చూస్తే తెలుస్తుంది. ఈ రైఫిల్‌లో బారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, ముందువైపు నుంచి స్ప్రింగు వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. గుండు డొల్లలోకి దిగబడకుండా అంచు నొక్కి బిగించడానికి తొలినాటి గుండ్లకు గాడి కూడా లేదు. దానిని ఆపింది కింద దట్టించిన మందే. నిప్పు అంటుకునే దాకా అది బరువు మోసే స్తంభం, అంటుకున్నాక గుండును సెకనుకు సుమారు 380 మీటర్ల వేగంతో పంపే బలం. ఒకే పదార్థం చేత రెండు పనులు చేయించిన ఈ పొందికను మించిన శిల్పం ఆ కాలపు తుపాకుల్లో నాకు కనపడలేదు.

1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ పొగరాని మందు తయారుచేశాక ఈ పొందికకు పరీక్ష వచ్చింది. కొత్త మందు బలం ఎక్కువ, పరిమాణం తక్కువ. పాత డొల్లలో చిటికెడు పోస్తే చాలు, మిగిలిందంతా ఖాళీ. 1873 నాటి ఇనుప చట్రమూ, మోకాలి కీలులా ముడుచుకుని విచ్చుకునే దాని లింకులూ నల్ల తుపాకిమందు ఒత్తిడిని లెక్కలో పెట్టుకుని చేసినవి, అంతకు మించి ఓర్చుకోలేవు. అలాంటి ముసలి రైఫిల్‌కు తన చేత్తో గుండు పోసి, తన చేత్తో తూటా కూర్చుకునేవాడు ఏ మందు ఎంచుకోవాలి? అమెరికాలో ఈ అభిరుచి ఉన్నవాళ్లు తరతరాలుగా ఈ ప్రశ్నతోనే బతుకుతున్నారు. కాశ్మీరంలో పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు రసానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. కావ్యానికి చెప్పిన ఆ మాట ఈ ఇత్తడి డొల్లకు ఇంత చక్కగా ఒదగడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇక్కడ బలమైన మందు గొప్పది కాదు, తగిన మందు గొప్పది.

తగినదా కాదా అన్నది ముందు గుండు చెబుతుంది. ఇరవై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి పోసిన గుండు మెత్తగా ఉంటుంది. వెనక నుంచి వాయువు తోసినప్పుడు ఆ మెత్తదనం వల్లనే అడుగు కాస్త ఉబ్బి, బారెల్ లోపలి మెలి గాడుల్లోకి నిండుగా అదుముకుంటుంది. మందు తోపు చాలకపోయినా, గుండు మరీ గట్టిదైనా ఆ అదుము కుదరదు. వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోస్తుంది, కోసిన సీసం బారెల్ గోడలకు చారలు చారలుగా అంటుకుంటుంది. తోపు మరీ ఎక్కువైతే మెత్తటి గుండు గాడుల పట్టులో నిలవక జారుతుంది. లోహం మెత్తదనానికీ మందు ఒత్తిడికీ మధ్య ఉన్న ఈ సన్నని దారిని వెతకడమే ఈ విద్యలో నన్ను కట్టిపడేసింది. దారి తప్పిందో లేదో డొల్ల మీదే రాసి ఉంటుంది. .44-40 డొల్ల మెడ చాలా పలచన. సరైన ఒత్తిడి తగిలితే అది ఉబ్బి తూటా కూర్చునే గదిని మూసేస్తుంది, పేల్చిన డొల్ల ఒంటి మీద ఇత్తడి మెరుపు చెదరదు. ఒత్తిడి చాలకపోతే మెడ నుంచి కిందికి మసి పాకుతుంది.

మందుల్లో నా మొదటి దండం నల్ల తుపాకిమందుకే. సురేకారం, గంధకం, బొగ్గు. మన ఊళ్లలో చిచ్చుబుడ్లు కూరేవాళ్లకు ఈ మూడూ ఇంటి సరుకులే, వాళ్లు జిల్లేడు బొగ్గును కోరి తెచ్చుకున్నట్టే అమెరికాలో డ్యూపాంట్ వాళ్లు విల్లో చెట్ల బొగ్గును కోరారు. తేలిక కర్ర బొగ్గుకు నిప్పు తొందరగా అందుతుంది. పలుకుల సైజును ఎఫ్ అక్షరాలతో చెబుతారు, ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నం. ఆ పలుకులను పొడుగాటి ఇత్తడి గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిస్తే ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, డొల్లలో చోటు మిగల్చకుండా కూచుంటాయి. ఈ మందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. పేల్చినప్పుడు లేచే తెల్లటి మేఘం అదే, బారెల్‌లో పేరుకునే మసీ అదే. అందుకే గుండు గాడుల్లో తేనెమైనం, కొవ్వు కలిపి పూస్తారు, మసి మెత్తగా ఉండాలని. ఆట ముగిశాక వేడినీళ్లతో కడగాలి, ఆ మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది కాబట్టి. ఈ చాకిరీ ఎవరికైనా భారంగా తోచవచ్చు. ఆ గంభీరమైన మోతనూ, భుజాన్ని కొట్టకుండా నెట్టే ఆ తోపునూ ఎరిగినవారికి తోచదు. పొగరాని మందు చిటుక్కున పగులుతుంది, ఇది ఉరుముతుంది.

పొగరాని మందుల్లో నా మనసు గెలిచింది ట్రెయిల్ బాస్. కౌబాయ్ పోటీలవాళ్ల కోసం చేసినది. దాని పలుకులు చిట్టిగారెల్లా నడుమ చిల్లుతో ఉంటాయి. ఆ చిల్లు అలంకారం కాదు, కొద్ది బరువుతో ఎక్కువ చోటు నింపడానికి పెట్టిన ఉపాయం. గుండు అడుగు దాకా నింపుకోవచ్చు కానీ అదమకూడదు. పలుకు నలిగితే కాలే తీరు మారి ఒత్తిడి ఎగసిపోతుంది. నల్ల తుపాకిమందు దట్టిస్తేనే బాగుంటుంది, ఇది దట్టిస్తే ప్రమాదం. పైకి ఒకేలా కనిపించే రెండు నిండుదనాల మధ్య ఉన్న ఈ తేడాను పసిగట్టిన చేతికే తూటా కూర్చే అర్హత.

యూనీక్ సంగతి వేరు. వందేళ్లు దాటిన రేకుల మందు, నమ్మకమైనది, ఎన్నో తూటాల్లో సర్దుకుపోతుంది. కానీ చోటు తక్కువ ఆక్రమిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోసినా డొల్ల పొర్లదు, రైఫిల్ మాత్రం విరుగుతుంది. అచ్చయిన పట్టిక ఎదుట లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. ప్రతి డొల్లలోకీ దీపం పెట్టి చూడాలి, గుండుకు బిగించే గాడి ఉండాలి. నల్ల తుపాకిమందు తానే చేసిన కాపలాను ఇక్కడ మనిషి చేస్తాడు. యూనీక్‌ను గౌరవిస్తాను, ప్రేమించలేను.

వించెస్టర్ 1894 మోడల్ దగ్గరికి వస్తే రసమే మారిపోతుంది. జాన్ బ్రౌనింగ్ గీసిన ఆ రైఫిల్ మొదట నల్ల తుపాకిమందు తూటాలతోనే వచ్చినా, 1895లో నికెల్ ఉక్కు బారెల్‌తో .30-30కి సిద్ధమైంది. పేరులో రెండో ముప్ఫై పొగరాని మందు తూకమే, పాత ఆచారం కొత్త మందు మీద కూడా సాగింది. సన్నని గుండు, ఎక్కువ వేగం. ఉత్త సీసం ఆ వేగాన్ని ఓర్చదు. లైమన్ నంబర్ 2 మిశ్రమం, అంటే 90 పాళ్ల సీసానికి ఐదేసి పాళ్ల తగరం, ఆంటిమొనీ, ఇక్కడ చక్కగా కుదురుతుంది. గుండు అడుగున చిన్న రాగి మూత తొడిగితే వేడి వాయువు కోతకు అడ్డు. మందు విషయంలో అక్యురేట్ 5744 వైపే మొగ్గుతాను. డొల్లలో సగమే ఉన్నా, ముందుకు ఒరిగినా వెనక్కి ఒరిగినా ఒకే తీరున అంటుకుంటుంది. కాలని పలుకులు కొన్ని బారెల్‌లో మిగులుస్తుందని దాన్ని తప్పుపట్టేవారున్నారు. ఆ పలుకులు గుడ్డతో తుడిస్తే పోతాయి. గుండు వెంట గుండు ఒకే చోట తాకే నిలకడ అంత సులువుగా దొరకదు.