తొకోనమె ఎర్రమట్టి, జోజాన్ ఇంటి పనితనం

జపాన్‌లోని ఐచి రాష్ట్రంలో, సముద్రం పక్కన తొకోనమె అనే ఊరుంది. దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా అక్కడ మట్టిపనే బతుకుదెరువు. మొదట పెద్ద పెద్ద జాడీలు చేశారు, తర్వాత మురుగునీటి గొట్టాలు. 1887లో వాలు మీద కట్టిన ఆవం పది పొగగొట్టాలతో 1974 దాకా పనిచేసింది. అంత మోటుపని చేసిన ఊరికి అరచేతిలో ఇమిడే టీపాట్ కూడా పేరు తెచ్చింది. ఆ పేరులో పెద్ద వాటా యమాద జోజాన్ కుటుంబానిది.

ఈ టీపాట్‌ను అక్కడ క్యూసు అంటారు. 1878లో కోయె హోజు అనే స్థానిక కుమ్మరి చైనా నుంచి జిన్ షిహెంగ్ అనే వ్యక్తిని రప్పించి, అక్కడి యిషింగ్ ఊరి టీపాట్ల విద్యను ఊరివాళ్లకు నేర్పించాడు. యిషింగ్‌లో మట్టిని పలకలుగా కొట్టి గోడలు లేపుతారు. తొకోనమెవాళ్లు ఆ పద్ధతి నేర్చుకున్నారు గానీ, తమ సారెను మాత్రం వదల్లేదు.

జోజాన్ అనేది తరం నుంచి తరానికి అందే పేరు. మొదటి జోజాన్ 1868లో పుట్టాడు. ఆయన మనవడు, 1924లో పుట్టిన మూడో జోజాన్, తాత దగ్గరే పని నేర్చుకున్నాడు. 1998లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఆయన 2005లో కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆ పేరు నాలుగో తరానికి అందింది.

క్యూసు ఒడలు, మూత, ముక్కు, పిడి దేనికదే సారె మీద తీస్తారు. మట్టి సగం ఆరాక చెక్కి, ముక్కు అతికే చోట సన్నని బెజ్జాలు పొడిచి, బురదమట్టితో అతుకుతారు. ఆరినా కాలినా మట్టి కుంచించుకుపోతుంది. ఒక్క అతుకు ఎక్కువ తడిగా ఉన్నా అక్కడే పగులుతుంది. ఒడలి మీద మెరుగుపూత వేయరు కాబట్టి లోపాన్ని దాచే వీలే లేదు. ఎరుపంతా మట్టిలోని ఇనుముదే.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది మూత. కాల్చిన తర్వాత, మూతనూ ఒడలినీ సన్నని రాపిడి పొడితో ఒకదానిపై ఒకటి తిప్పుతూ అరగదీస్తారు. అలా జతపడిన మూత మరో పాత్రకు అంత బిగువుగా కూర్చోదు. టీ పోస్తూ మూత మీది చిన్న బెజ్జాన్ని వేలితో మూస్తే ధార ఆగిపోవాలి.

పిడి ముక్కుకు ఎదురుగా కాక పక్కకు ఉంటుంది. బొటనవేలు మూత మీద ఆనించి, మణికట్టు ఒక్కటి వంచితే చాలు. పాలు పోసి మరిగించే మన టీకి ఈ పాత్రతో పనిలేదు. సెంచా వంటి పచ్చని టీని మాత్రం కాస్త చల్లారిన వేడినీళ్లలో నానబెట్టి, చివరి చుక్క దాకా వంచేయాలి. అడుగున నీళ్లు మిగిలితే ఆకు ఇంకా ఊరి, రెండో కప్పు వగరెక్కుతుంది. ముక్కు కోణం, బెజ్జాల సన్నదనం, అంచు పదును, ఇన్నిటి మీద అంత శ్రద్ధ అందుకే. వాడాక సబ్బు తగలనివ్వకుండా వేడినీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెడతారు.