ఒక్క మర తేడా

అంగుళం పొడవున ఒకదానికి 27 మరలు, రెండోదానికి 28. రెండింటినీ కొట్లో ‘వన్ బై ఎయిట్’ అనే అడుగుతారు, ‘వన్ బై ఎయిట్’ అనే ఇస్తారు. కారుకి ఆయిల్ ప్రెషర్ మీటరు విడిగా పెట్టించుకునేవాళ్లని ఈ ఒక్క మర పెట్టే తిప్పలు అన్నీఇన్నీ కావు. బొత్తిగా పోలిక లేని రెండు మరలు ఎవరినీ మోసం చెయ్యవు. ఒకటి ఇంకోదాంట్లోకి ఎక్కదు, అక్కడితో సరి. చిక్కంతా పోలిక ఉన్నవాటితోనే. ఈ రెండూ టేపరు ఉన్న పైపు మరలు కాబట్టి, సరైన జోడీ అయినా రెండు మూడు చుట్లు సులువుగా తిరిగి తర్వాత బిగుస్తుంది. తప్పు జోడీ కూడా అచ్చం అలాగే బిగుస్తుంది. పానా పట్టిన చేతికి ఆ రెండు బిగువుల తేడా తెలియదు.

ఇందులో 28 మరలది బ్రిటిష్ వంశం. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే మర ఉండాలని ప్రతిపాదించినప్పుడు మర కోణం 55 డిగ్రీలుగా, శిఖరాన్నీ లోయనూ గుండ్రంగా ఉంచాడు. బ్రిటిష్ పైపు మర, అంటే బీఎస్‌పీ, ఆ ఆకారాన్నే తీసుకుంది. 27 మరల ఎన్‌పీటీ అమెరికాది. ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణం, చదునైన శిఖరం ఉన్న మరని ముందుకు తెచ్చాడు. విట్‌వర్త్ గుండ్రపు మరకి ప్రత్యేకమైన పనిముట్లు కావాలని, తనది మామూలు వర్క్‌షాపులో మామూలు పనివాడు కూడా కొయ్యగలడని ఆయన వాదన. అదే నగరానికి చెందిన రాబర్ట్ బ్రిగ్స్ పైపుల కోసం కొలతలు కట్టాడు. 1886లో అమెరికా తయారీదార్లు వాటిని ప్రమాణంగా ఒప్పుకున్నారు.

ఆకారం వరకే అయితే నా ఓటు విట్‌వర్త్‌కి. మూల పదునుగా ఉన్నచోట లోహం ముందు చిట్లుతుంది, గుండ్రటి లోయకి ఆ బెడద తక్కువ. కానీ పని జరగడం ముఖ్యమనుకున్న సెల్లర్స్‌ని కాదనడమూ కష్టమే. టేపరు విషయంలో మాత్రం ఇద్దరి వారసులూ ఏకమయ్యారు. ఎన్‌పీటీ, బీఎస్‌పీటీ (టేపరు ఉన్న బీఎస్‌పీ) రెండూ 16 మిల్లీమీటర్ల పొడవుకి ఒక మిల్లీమీటరు వ్యాసం చొప్పున సన్నబడతాయి. ఆ ఒక్క ఏకాభిప్రాయమే లేకపోతే ఇంతమంది మోసపోయేవాళ్లు కారు.

కొలిచి చూద్దాం. 1/8 ఎన్‌పీటీలో ఒక మర నించి ఇంకో మరకి దూరం 0.941 మిల్లీమీటర్లు. 1/8 బీఎస్‌పీటీలో 0.907. చుట్టుకి వచ్చే తేడా 0.034 మాత్రమే, ఆరు చుట్లకి 0.2. నామమాత్రపు బయటి వ్యాసం మొదటిదానికి 10.29, రెండోదానికి 9.73. (ఎక్కడా ఎనిమిదో వంతు అంగుళం కనపడదు. అది పాతకాలపు గొట్టం లోపలి బోరుని బట్టి వచ్చిన పేరు.) అర మిల్లీమీటరు తేడా ఉందిగా, వర్నియర్ పెడితే తేలిపోతుందిగా అనిపిస్తుంది. తేలదు. టేపరు మరని కొన దగ్గర కొలిస్తే ఒక అంకె, మొదట్లో కొలిస్తే ఒక అంకె. ఎన్‌పీటీ కొన సరిగ్గా పది దగ్గరే తిరుగుతుంది, దాంతో జర్మన్ల పది మిల్లీమీటర్ల మెట్రిక్ మర కూడా అనుమానితుల జాబితాలోకి వస్తుంది. నమ్మదగింది పిచ్ గేజ్. దాని ఆకుని మర మీద ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోవాలి. పక్క ఆకు కూడా మొదటి మూడు నాలుగు పళ్ల దాకా కూర్చుంటుంది, ఆ తర్వాత సందులోంచి వెలుగు కనపడుతుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో ఈ ఉపాయమూ పూర్తిగా పనిచెయ్యదు. అక్కడ రెండు జాతులకీ 14 మరలే, మిగిలేది కోణం తేడా ఒక్కటే. అదృష్టవశాత్తూ మీటర్ల సెన్సర్లు ఆ సైజు దాకా వెళ్లడం అరుదు.

ఇంజన్ల దగ్గరికి వస్తే కథ దేశాల వారీగా చీలుతుంది. పాత షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 పుట్టుకతోనే ఎన్‌పీటీ. టయోటా, హోండా, సుబారు వంటి జపాన్ ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ రంధ్రం సాధారణంగా 1/8 బీఎస్‌పీటీ. జపాన్‌లో దాన్నే పీటీ అంటారు. మన దేశపు పైపు మరల ప్రమాణమూ బ్రిటిష్ వంశానిదే కాబట్టి రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ వివరమూ చెప్పకుండా నిపుల్ అడిగితే సహజంగా చేతికొచ్చేది బీఎస్‌పీ. అమెరికన్ కంపెనీల మీటర్లతో వచ్చే సెన్సర్ మాత్రం ఎన్‌పీటీ. డల్లాస్‌లో టయోటా నడిపే తెలుగువాడికీ, హైదరాబాద్‌లో టయోటాకి అమెరికన్ మీటరు తెప్పించుకున్నవాడికీ ఎదురయ్యే చిక్కు ఒకటే.

ఆ ఎన్‌పీటీ సెన్సర్‌ని టయోటా రంధ్రంలో పెడితే ఏమవుతుంది? సెన్సర్ కాస్త లావు. కొన్ని చుట్లు ఎక్కి బిగుస్తుంది. 60 డిగ్రీల మర 55 డిగ్రీల లోయలో నిండుగా కూర్చోదు, ఒక గీత మేరకే తాకుతుంది. సీలెంట్ పూసి బిగిస్తే నెలల తరబడి చుక్క కారకపోవచ్చు కూడా. అందుకే ‘నాది బాగానే ఉందిగా’ అనేవాళ్లు దొరుకుతూనే ఉంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు, అయితే వాళ్లు చూస్తున్నది ఆయిల్ కారిందా లేదా అన్నదొక్కటే. ఇత్తడి సెన్సర్ అల్యూమినియంలోకి దిగేటప్పుడు నలిగేది అల్యూమినియమే. రేపు అసలు స్విచ్‌ని తిరిగి పెట్టాలంటే ఆ రంధ్రం దాన్ని సరిగ్గా పట్టదు. సెన్సర్ పోతే ఇంకోటి కొనొచ్చు, బ్లాకులో రంధ్రం పోతే ఏం కొంటాం?

తిరగేసి చూడండి, అంటే బీఎస్‌పీటీ సెన్సర్‌ని ఎన్‌పీటీ రంధ్రంలో. ఇది సన్నం కాబట్టి లోతుగా దిగిపోతుంది, పట్టు ఆలస్యంగా దొరుకుతుంది, సాధారణంగా కారుతుంది. నష్టం తక్కువ, పైగా తప్పు వెంటనే తెలుస్తుంది. రెండు తప్పుల్లో నాకిదే నయమనిపిస్తుంది.

అన్నిటికన్నా ఖరీదైన పాఠం మాత్రం జర్మనీది. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఆయిల్ ప్రెషర్ స్విచ్‌ది పది మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు పిచ్ ఉన్న మెట్రిక్ మర. స్విచ్ మీది మర టేపరు, రంధ్రంలోది సమాంతరం. అమెరికాలో మీటర్లు బిగించుకున్న బీటిల్ యజమానులు ఆ రంధ్రంలోకి 1/8 ఎన్‌పీటీని దింపిన సందర్భాలు కొల్లలు. బీటిల్ క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమ లోహం. టేపరు మర దాంట్లో కట్టె చీల్చే మేకులా పనిచేస్తుంది. రంధ్రం చుట్టూ ఉన్న గోడ పగిలితే క్రాంక్‌కేసుకే ఎసరు. పోత ఇనుము షెవర్లే బ్లాకు మీద చెల్లే మొరటుతనం ఇక్కడ చెల్లదు.

అసలు సెన్సర్‌కి టేపరు మర ఎందుకు అన్నది నా అభ్యంతరం. గొట్టాల్ని ఒకదానికొకటి తగిలించడానికి పుట్టిన మర ఇది. అక్కడ ఎంత లోతు దిగిందన్నది పెద్ద లెక్కలోకి రాదు. సెన్సర్‌కి లోతు ముఖ్యం, ఉష్ణోగ్రతదైతే మరీను. దాని కొన ప్రవాహంలో మునగకపోతే మీటరు తక్కువ చూపిస్తుంది. సమాంతర మర, కింద రాగి వాషరు అయితే సెన్సర్ ఎప్పుడూ ఒకే లోతున ఆగుతుంది. సీలు పడేది వాషరు మీద, కాబట్టి మరకి కేవలం పట్టుకునే పనే మిగులుతుంది. టేపరు వైపు చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. రంధ్రం చుట్టూ నున్నటి ముఖం లేకపోయినా దాని పని నడుస్తుంది. పాతకాలపు గరుకు పోతలకి అదొక వరం, ఇప్పటి ఇంజన్లకి ఆ అవసరం లేదు. ఎన్‌పీటీ పుట్టింట్లోనే చూడండి. షెవర్లే 1997లో తెచ్చిన ఎల్ఎస్ ఇంజన్ల ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌కి 16 మిల్లీమీటర్ల మెట్రిక్ మర పెట్టారు. విడి మీటర్లు చేసే అమెరికన్ కంపెనీలు మాత్రం ఇంకా 1/8 ఎన్‌పీటీనే పట్టుకుని కూర్చున్నాయి.

ఎన్‌పీటీ అయినా బీఎస్‌పీటీ అయినా పొడిగా బిగిస్తే సీలు కాదు. శిఖరానికీ లోయకీ మధ్య సన్నని సందు ఒకటి మెలికలు తిరుగుతూ బయటిదాకా ఉంటుంది, దాన్ని పూడ్చడానికే టేపో పేస్టో. టెఫ్లాన్ టేపు చుట్టినప్పుడు మొదటి ఒకటి రెండు మరలు ఖాళీగా వదలాలి, లేకపోతే పీలికలు ఆయిల్ దారుల్లోకి పోతాయి. ఇంకో సంగతి. ఒక్క వైరే ఉన్న సెన్సర్ ఎర్త్‌ని తన ఒంటి ద్వారా, ఆ మరల ద్వారానే తీసుకుంటుంది. టేపు మందంగా చుడితే ఎర్త్ బలహీనపడుతుంది.

ఇక్కడ పోలిక తలకిందులవుతుంది. అమెరికన్ పద్ధతి సెన్సర్ నిరోధం ప్రెషర్ లేనప్పుడు 240 ఓములు, పూర్తి ప్రెషర్‌లో 33 ఓములు. జర్మన్ వీడీవో పద్ధతిలో లేనప్పుడు 10, పూర్తిగా ఉన్నప్పుడు సుమారు 180. ఎర్త్ చెడితే నిరోధం పెరుగుతుంది. అమెరికన్ మీటరు ముల్లు కిందికి పడుతుంది, డ్రైవరు కంగారుపడి బండి ఆపుతాడు. వీడీవో ముల్లు పైకి లేస్తుంది, ఆయిల్ అయిపోయినా అంతా బావుందని చెబుతుంది. మర దగ్గర విట్‌వర్త్‌కి ఓటేసిన నేను ఈ ఓముల దగ్గర అమెరికా పక్షం.

మర కుదిరిందని వీడీవో సెన్సర్ కొని అమెరికన్ మీటరుకి తగిలిస్తే వేడుక ఇంకా బావుంటుంది. ఇంజన్ ఆపి ఉండగా ముల్లు పూర్తి ప్రెషర్ చూపిస్తుంది, ఇంజన్ రేజ్ చేసేకొద్దీ దిగుతుంది. కాబట్టి సెన్సర్‌ని ఎంచాల్సింది మీటరుని బట్టి. రంధ్రంతో దాన్ని కలపడం అడాప్టర్ పని. ఎర్త్‌కి విడి వైరున్న మూడు వైర్ల సెన్సర్లకి టేపు బెడద లేదు గానీ మర బెడద అలాగే ఉంటుంది.

టయోటాకైతే బయట 1/8 బీఎస్‌పీటీ, లోపల 1/8 ఎన్‌పీటీ ఉన్న ఇత్తడి అడాప్టర్లు దొరుకుతాయి. హెచ్చరిక దీపం స్విచ్‌ని వదులుకోకూడదంటే టీ ఆకారపు ఫిట్టింగ్ కావాలి. అడాప్టర్ మీద టీ, టీ మీద డబ్బాలాంటి బరువైన సెన్సర్ పెడితే అదంతా బ్లాకులోంచి పొడుచుకొచ్చి ఇంజన్ అదురుకి ఊగుతూ ఉంటుంది, కొన్నాళ్లకి ఇత్తడి మెడ దగ్గర విరుగుతుంది. అప్పుడు ఆయిల్ ధారగా పోతుంది. అంత బరువున్న సెన్సర్‌ని క్లాంపుతో బాడీకి బిగించి, బ్లాకు నించి దాని దాకా స్టీలు అల్లిక ఉన్న హోసు వేయించుకోవడం మేలు. అప్పుడు ఒక వైరు సెన్సర్ అయితే ఎర్త్ మరల మీద ఆధారపడదు, క్లాంపు కింద రంగు గీకి బాడీ నించే తీసుకోవచ్చు.