విచ్చేశారు, చిక్కాడు

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పాతబస్తీలో మా పిల్లల్నే పట్టుకుపోయారు. ఆ రోజుల్లో మేం ఉర్దూ పేపరూ తెలుగు పేపరూ పక్కపక్కన పెట్టుకు చదివేవాళ్లం. ఒకటే అరెస్టు. అక్కడ 'నౌజవాన్', ఇక్కడ 'ఉగ్రవాది'. 'అనుమానితుడు' అన్న మాట వస్తే గిస్తే చివరి పేరాలో. మంత్రిగారు 'విచ్చేశారు', మా పిల్లవాడు 'చిక్కాడు'. కేసు విచారణకు రాకముందే క్రియాపదం తీర్పు చెప్పేసింది! తర్వాత కోర్టు నిర్దోషులంది, 2011లో సర్కారు పరిహారం ప్రకటించింది. ఆ వార్తల్ని మాత్రం మేం వెతుక్కోవాల్సి వచ్చింది.

2020లో నిజాముద్దీన్ మర్కజ్ వంతు. ఈసారి టీవీ, వాట్సాప్. పండ్లబండివాణ్ణి పేరడిగి మరీ వెళ్లగొట్టారు. విదేశీ తబ్లీగీలను బలిపశువుల్ని చేశారని ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అంది. అప్పటికి పండ్లు కుళ్లిపోయాయి.

బళ్లో క్రియాపదాలు చెబుతారు కదా, పేపరు పెట్టి చెప్పండి. ఈ మాట అన్నదెవరు? పోలీసులా, చూసినవాళ్లా? ఇది మదర్సాలోనూ చెప్పాలి. మావాళ్లేం తక్కువ తినలేదు, ఎక్కడిదో పాత ఫోటోను నిన్నటి ఘోరమని పంచేవాళ్లు మా గల్లీలోనూ ఉన్నారు. కావలసింది రెండు భాషల పేపర్లు, ఒక ఎర్ర పెన్సిలు. జుమా నమాజయ్యాక మసీదు వరండా ఎలాగూ ఖాళీయే.