ర్యాంపు దగ్గరే జాగ్రత్త

మార్చి వస్తే డాలస్ శివార్లలోని మనవాళ్ల ఇళ్ల ముందు ఒక హడావుడి మొదలవుతుంది. చలికాలమంతా గరాజ్‌లో ఉన్న రైడింగ్ మోవర్‌ను సర్వీసుకు తీసుకెళ్లాలి. ప్రాస్పర్, సెలైనా వైపు ఎకరం, అరెకరం స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవారికి తోసుకుంటూ గడ్డి కోసే మిషన్ చాలదు. కూర్చుని నడిపేది కొంటారు. నడపడం ఒక పూటలో వచ్చేస్తుంది. పికప్ ట్రక్కులోకి ఎక్కించడం మాత్రం ఎవరూ నేర్పరు.

అందరికీ దారి గురించే బెంగ. నేను చూసినంతలో అసలు గండం ఇంటి ముందే, ర్యాంపు మీదే ఉంది. మామూలు మోవరే 200 కిలోల వరకు తూగుతుంది. ట్రక్కు వెనక తలుపు నేల నుంచి సుమారు 3 అడుగుల ఎత్తు. దానికి 8 అడుగుల ర్యాంపు ఆనిస్తే వాలు 22 డిగ్రీలు. 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దని చాలా మాన్యువళ్లు చెబుతాయి. అంత తగ్గాలంటే 12 అడుగుల ర్యాంపు కావాలి. అది లేకపోతే ట్రక్కు వెనక చక్రాలను పల్లంలో దించి, మోవర్‌ను మెరక మీద నుంచి ఎక్కించాలి. ఊళ్లో కాలువ గట్టుకు లారీని ఆనించి ట్రాక్టర్ ఎక్కించే ఉపాయమే ఇది.

ఇంజన్ బలమంతా వెనక చక్రాలదే. అవి బండిని పైకి నెడుతూ ర్యాంపును వెనక్కి తంతాయి. గొలుసుతో ట్రక్కుకు కట్టకపోతే ర్యాంపు కొస తలుపు అంచు మీంచి వేలెడు వేలెడు జారుతుంది. సీట్లో ఉన్నవాడికి అది కనిపించదు. నిటారు వాలులో ముందు చక్రాలు తేలికవుతాయి. అప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే బండి ముందుభాగం గాల్లోకి లేస్తుంది.

సరిగ్గా అక్కడే మన స్నేహధర్మం కొంప ముంచుతుంది. "నువ్వు ఎక్కించు అన్నా, వెనక నేను పట్టుకుంటా" అంటూ ఒకరు ర్యాంపు కింద నిలబడతారు. మనిషితో కలిపి మూడు క్వింటాళ్లకు దగ్గరగా ఉన్న బండి వెనక్కి దొర్లితే రెండు చేతులు ఆపలేవు. సాయం చేయాలనుకునేవారు దూరంగా పక్కన నిలబడి, ర్యాంపు కొసను చూస్తూ కేకేస్తే చాలు.

ఎక్కించే ముందు బ్లేడ్లు ఆపి, వాటిని కప్పి ఉంచే డెక్‌ను పూర్తిగా పైకెత్తండి. లేకపోతే ర్యాంపు, ట్రక్కు కలిసే చోట అది తగులుకుంటుంది. హైడ్రోస్టాటిక్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిరిగే) మోవర్లలో చక్రాలను ఇంజన్ పట్టు నుంచి విడిపించే లివర్ ఒకటి ఉంటుంది. వాలు మీద దాని జోలికి పోవద్దు. ఇంజన్ పట్టు తప్పితే బండి ఆగదు.

ఎక్కాక పని తేలికే. డెక్ దించి, పార్కింగ్ బ్రేక్ వేసి, తాళంచెవి తీసేయండి. నాలుగు మూలలా స్ట్రాప్‌లను ఫ్రేమ్‌కే తగిలించి, కిందికి, బయటికి లాగి బిగించండి. స్టీరింగ్‌కు కట్టొద్దు. నాలుగైదు మైళ్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించుకోండి.

నా మాట వింటే ట్రక్కు వద్దు, నేలబారు ట్రెయిలర్ అద్దెకు తెచ్చుకోండి. ట్రెయిలర్‌లో బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక ఎక్కువైతే హైవే మీద తోక ఊపుతుంది. ఏ బండి అయినా సరే, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు వాకిట్లో ఉన్న పిల్లల్ని ఇంట్లోకి పంపండి.